95 నుంచి 94కి: ఒక ఎడిటింగ్ సిస్టమ్‌కు థర్మల్ పేస్ట్ మార్చిన కేసు

సిస్టమ్ వివరాలు ముందుగా. ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డ్, ప్రాసెసర్ డబ్బాలోనే వచ్చే రెయిత్ స్టెల్త్ కూలర్. ఊరు ఖమ్మం. నెల మే. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక స్టూడియోది. షూటింగ్ గదికి ఏసీ ఉంది కానీ సిస్టమ్ ఉండే గదికి లేదు. మధ్యాహ్నం పూట ఆ గదిలో 37 డిగ్రీలు.

"అన్నా, ఎక్స్‌పోర్ట్ పెడితే అయిపోతనే లేదు. పోయిన సీజన్‌లో ఇట్ల లేకుండె" అన్నది కస్టమర్ ఫిర్యాదు. ఎక్స్‌పోర్ట్ అంటే ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైల్‌గా తీయడం. హ్యాంగ్ అవడం లేదు, రీస్టార్ట్ అవడం లేదు. ఫ్యాన్ మాత్రం ఆపకుండా మోగుతోంది, పని నత్తనడక. నా దగ్గరికి రాకముందు వేరే చోట చూపించారు. అక్కడ విండోస్ కొత్తగా వేశారు, ర్యామ్ మార్చారు, "హీట్ సింక్ పేస్ట్ కూడా పెట్టాం, ఇక ప్రాసెసరే మార్చాలి" అని చెప్పి పంపారు. ఈ పేస్ట్ ప్రాసెసర్‌కూ దాని మీది కూలర్‌కూ మధ్య రాసేది. పేస్ట్ పెట్టాం అన్న ఆ ఒక్క మాటతో అసలు అనుమానించాల్సిన చోటు లిస్ట్‌లోంచి తప్పుకుంది. సర్వీస్ పనిలో నాకు తరచూ ఎదురయ్యేది ఇదే. పేస్ట్ పెట్టారా లేదా అని అడుగుతారు తప్ప, ఎలా పెట్టారని ఎవరూ అడగరు.

విప్పకముందు చూసినవి

స్క్రూడ్రైవర్ తీయకముందు, ప్రాసెసర్ వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచాను. ఖాళీగా ఉన్నప్పుడే ప్రాసెసర్ 62 డిగ్రీలు. ప్రాసెసర్‌కు పూర్తి పని (ఫుల్ లోడ్) పెట్టి పరీక్షించే సినీబెంచ్ ఆర్23 నడపగానే రెండు మూడు సెకన్లలో 95కి వెళ్లి అక్కడే నిలబడింది. ఈ ప్రాసెసర్‌కు 95 గరిష్ఠ హద్దు. ఆ హద్దు తాకగానే అది తన వేగాన్ని తగ్గించుకుంటుంది. క్లాక్, అంటే ప్రాసెసర్ నడిచే వేగం, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఊగుతోంది. దీని బేస్ క్లాక్ 3.6. అంటే కంపెనీ హామీ ఇచ్చిన కనీస వేగం కూడా అందడం లేదు. కరెంట్ వాడకం 40 వాట్లకు అటూ ఇటూ. మామూలుగా ఈ చిప్ ఫుల్ లోడ్‌లో 80 వాట్ల పైన తీసుకుంటుంది, గరిష్ఠంగా 88 వరకూ.

ఇక్కడ ఉష్ణోగ్రత ఎంత అన్నదానికంటే ఎంత తొందరగా పెరిగింది అన్నదే ఎక్కువ చెబుతుంది. రైజెన్ 3000 చిప్‌లు లోడ్ పడగానే పది పదిహేను డిగ్రీలు ఎగరడం సహజం. ఆ తర్వాత కూలర్ మెల్లగా వేడెక్కుతూ, ప్రాసెసర్ కూడా నిమిషాల మీద పైకి పాకితే సమస్య గాలి దగ్గర ఉందని అనుకోవాలి: దుమ్ము, బలహీనమైన ఫ్యాన్, గాలాడని క్యాబినెట్. అలా కాకుండా సెకన్లలో హద్దు తాకి, లోడ్ ఆపగానే అంతే వేగంగా పడిపోతే, వేడి ప్రాసెసర్ దాటి కూలర్‌లోకి పోవడం లేదన్నమాట. కూలర్ రెక్కల అంచు మీద వేలు పెట్టి చూశాను. ప్రాసెసర్ 95లో కాగుతుంటే రెక్కలు గోరువెచ్చగా ఉన్నాయి. దీంతో నా అనుమానం తీరిపోయింది.

పాత పేస్ట్‌లో కనిపించింది

కూలర్ తీసేముందు ఓ పావుగంట లోడ్ నడిపించాలి. వేడికి పేస్ట్ కాస్త మెత్తబడుతుంది. ఆ తర్వాత షట్‌డౌన్ చేసి, కరెంట్ తీసి, చల్లారకముందే విప్పాలి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌కు ఈ జాగ్రత్త ప్రాణం లాంటిది. ఈ ప్రాసెసర్‌కు అడుగున 1331 పిన్నులు ఉంటాయి, సాకెట్ వాటిని పక్కల నుంచి పట్టుకుంటుంది తప్ప పైనుంచి ఏదీ నొక్కి ఉంచదు. ఎండిన పేస్ట్ మీద కూలర్‌ను నిలువుగా లాగితే సాకెట్ లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానికి అంటుకుని ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. నాలుగు స్క్రూలు వదులు చేశాక కూలర్‌ను లాగకూడదు. అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే పట్టు వదులుతుంది, అప్పుడు ఎత్తాలి. ఇంకో సంగతి. స్టెల్త్ కూలర్ స్క్రూలు నేరుగా బోర్డు వెనక ఉండే ప్లేట్‌లోకి బిగుస్తాయి. అవి పూర్తిగా ఊడితే ఆ ప్లేట్ వెనక్కి జారి పడిపోతుంది. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, వెనక నుంచి ఓ చెయ్యి ఆనించి విప్పడం మేలు.

చాలామంది కూలర్ ఎత్తగానే గుడ్డ తీసుకుని తుడిచేస్తారు. నేను ముందు ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీస్తాను. పేస్ట్ నొక్కుకున్న తీరు చూస్తే ఏం జరిగిందో దాదాపు అంతా తెలిసిపోతుంది. సరిగ్గా కూర్చున్న కూలర్ కింద పేస్ట్ పలచగా, లోహం మెరుపు కొంచెం లీలగా తెలిసేంతగా, నాలుగు వైపులా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ఇక్కడ అలా లేదు. ఒక మూల పేస్ట్ అణిగిపోయి లోహం కనిపిస్తోంది. దానికి ఎదురు మూల దళసరిగా, మీగడలా, నొక్కుడు పడిన గుర్తే లేకుండా ఉంది. ఆ పొరను ప్లాస్టిక్ కార్డు అంచుతో గీరితే రెండు రంగులు బయటపడ్డాయి. పైన తెల్లటి పేస్ట్, కింద ఎండి పొడిపొడిగా రాలే బూడిద రంగు పాత పొర. కంపెనీ నుంచి కూలర్ అడుగునే పూసి వచ్చిన పేస్ట్‌ను తుడవకుండా దాని మీదే కొత్తది పెట్టారు. ఆపైన ఒక మూల స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత మిగతావాటికి వెళ్లారు. దాంతో కూలర్ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది.

పైగా ఆ తెల్ల పేస్ట్ ఆంప్లిఫయర్ బోర్డుల్లో ట్రాన్సిస్టర్‌లకు రాసే రకం. సిలికాన్ నూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపినది. దాని అసలు పనికి అది మంచిదే. ఇంత చిన్న చిప్ మీద నుంచి ఇన్ని వాట్లు దాటించడం మాత్రం దానికి మించిన పని.

లెక్క వేసి చూస్తే

పేస్ట్ చల్లబరుస్తుందని కస్టమర్లు అనుకుంటారు. పేస్ట్ దేన్నీ చల్లబరచదు. ప్రాసెసర్ పైనుండే లోహపు మూత, కూలర్ అడుగు కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నటి ఖాళీలు ఉంటాయి, వాటిలో గాలి ఉంటుంది. పేస్ట్ ఆ గాలిని తోసేసి దాని చోట కూర్చుంటుంది. అంతే దాని పని. వేడిని ఎంత బాగా పోనిస్తుందన్నది వాట్/మీటర్-కెల్విన్ లెక్కలో చెబుతారు. రాగికి అది 400 దగ్గర, అల్యూమినియంకు 200 పైన, గాలికి 0.026. బజారులో మంచి పేస్ట్‌ల ట్యూబుల మీద 4 నుంచి 12 దాకా రాసి ఉంటుంది. అంటే ఎంత గొప్ప పేస్ట్ అయినా లోహంతో పోలిస్తే వేడికి అడ్డమే. అందుకే అది ఖాళీలు నింపేంత ఉండాలి, ఆ పైన ఉన్నదంతా నష్టమే.

ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. రైజెన్ 5 3600లో కోర్లన్నీ, అంటే అసలు పని చేసే భాగాలన్నీ, ఉన్న చిప్ ముక్క వైశాల్యం 74 చదరపు మిల్లీమీటర్లే. మూతలో కొంత విస్తరించాక వేడి ప్రధానంగా 15 మిల్లీమీటర్ల చదరం గుండా పోతుందని అనుకుందాం. 80 వాట్లు దాటాలి. పైన చెప్పిన వాట్/మీటర్-కెల్విన్ విలువ 1 ఉన్న తెల్ల పేస్ట్ 0.1 మిల్లీమీటర్ మందం ఉంటే ఆ ఒక్క పొర దగ్గరే సుమారు 35 డిగ్రీల తేడా నిలబడుతుంది. అదే పేస్ట్‌ను 0.03 మందానికి నొక్కితే 11 డిగ్రీలు. అదే పలచదనంలో విలువ 4 ఉన్న సాధారణ బూడిద రంగు పేస్ట్ అయితే 3 లోపు. విలువ 8.5 ఉన్నదైతే ఒకటింబావు. ఇక పేస్ట్ అసలు చేరని చోట మిల్లీమీటర్‌లో వందో వంతు గాలి పొర ఉంటే లెక్కలో 130 డిగ్రీల పైన వస్తుంది. అంటే అక్కడ వేడికి దారి మూసుకుపోయినట్టే.

ఈ అంకెలు నేను కస్టమర్‌కు కాగితం మీద రాసి చూపిస్తాను. తెల్ల పేస్ట్ నుంచి ఒక మాదిరి మంచి పేస్ట్‌కు మారితే లాభం పెద్దది. ఆ మాదిరి పేస్ట్ నుంచి ఖరీదైన పేస్ట్‌కు వెళ్తే లాభం డిగ్రీ, డిగ్రీన్నర. దళసరి నుంచి పలచనికి, ఒరిగిన కూలర్ నుంచి సమంగా కూర్చున్న కూలర్‌కు మారడంలో ఉన్న లాభం మాత్రం ఏ ట్యూబూ ఇవ్వదు. ట్యూబ్ మీది అంకెను ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది కాబట్టి, రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా సరికాదు.

ఏ పేస్ట్, ఎందుకు

ఈ సిస్టమ్‌కు ఆర్కిటిక్ ఎంఎక్స్-4 వాడాను. నాక్టువా ఎన్‌టీ-హెచ్1 అయినా ఇదే ఫలితం వచ్చేది. నా బెంచ్ మీద ఈ రెంటి మధ్య తేడా కొలతల ఊగిసలాటలోనే కలిసిపోతుంది. నేను చూసేవి వేరు. కరెంట్ పారనిది కావాలి, ఎందుకంటే పక్కకు కారినా బోర్డుకు ప్రమాదం ఉండకూడదు. మరీ గట్టిగా ఉండకూడదు, కూలర్ ఒత్తిడికి తనంతట తాను పరుచుకోవాలి. వేడెక్కి చల్లారడం వేలసార్లు జరిగినా పక్కలకు జారిపోకుండా, నూనె వేరుపడకుండా ఏళ్ల తరబడి ఉండాలి. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రీపగలూ నడిచే సిస్టమ్‌కు ఈ చివరిదే ముఖ్యం. పేరున్న ట్యూబులకు నకిలీలు కూడా తిరుగుతున్నాయి. మరీ చవగ్గా ఆన్‌లైన్‌లో కనిపించిన ట్యూబ్‌ను నేను కొనను.

కస్టమర్ ఎక్కడో వీడియో చూసి లిక్విడ్ మెటల్ గురించి అడిగాడు. అది గాలియం కలిసిన మిశ్రమ లోహం, వేడిని పోనివ్వడంలో పేస్ట్‌లకంటే ఎన్నో రెట్లు మెరుగు. కానీ గాలియం అల్యూమినియంలోకి చొచ్చుకుపోయి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. స్టెల్త్ కూలర్ అడుగు అల్యూమినియమే. పైగా అది కరెంట్ పారే ద్రవం, ఒక్క బొట్టు బోర్డు మీద పడితే షార్ట్. ఈ పనికి వద్దని గట్టిగానే చెప్పాను.

పెట్టిన పద్ధతి

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాను. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి. అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, తుడిచాక కూడా జిడ్డు పొర మిగులుతుంది. పోగులు రాలని గుడ్డ, అంటే కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ లాంటిది తీసుకుని, తెల్ల గుడ్డకు మరక అంటనంత వరకూ మూత మీద, కూలర్ అడుగున తుడిచాను. ఎండిన పొరను గీరడానికి ప్లాస్టిక్ కార్డు చాలు, బ్లేడు వద్దు. ఈలోగా కూలర్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును బ్రష్‌తో, బ్లోయర్‌తో తీశాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి పట్టుకోవాలి. గ్రానైట్ కటింగ్ జరిగే మా ప్రాంతంలో ఈ దుమ్ము సన్నగా, బరువుగా ఉంటుంది, మామూలు ఊదుడుకు రాదు.

ఎంత పేస్ట్ పెట్టాలన్నదాని మీద వాదనలు ఎప్పుడూ ఉంటాయి, దానికీ లెక్క ఉంది. 35 మిల్లీమీటర్ల చదరం మీద 0.05 మిల్లీమీటర్ పొర కావాలంటే 61 ఘన మిల్లీమీటర్ల పేస్ట్ చాలు. 5 మిల్లీమీటర్ల ఉండకు దాదాపు అంతే ఘనపరిమాణం. అంటే సుమారు ఒక కందిగింజంత. 8 మిల్లీమీటర్ల బఠాణీ గింజంత పెడితే అది నాలుగు రెట్లవుతుంది. ఎక్కువైనది ఒత్తిడికి అంచులు దాటి బయటకు వస్తుంది, పెద్ద ప్రమాదం ఉండదు, శుభ్రం చేయడం నరకం. తక్కువ పెడితే అసలుకే మోసం. రైజెన్ 3000లో కోర్ల ముక్క మూత కింద సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. పేస్ట్ మధ్యలోనే ఆగిపోతే అసలు వేడి పుట్టే చోట పొడిగా మిగిలిపోతుంది. అందుకని నేను మధ్యలో కందిగింజంత, నాలుగు మూలల వైపు ఆవగింజంత చుక్కలు పెడతాను. వేలితోనో కార్డుతోనో పామను. పామితే గాలి బుడగలు చిక్కుకునే అవకాశం ఎక్కువ. పైనుంచి ఒత్తిడి పడితే చుక్క మధ్యలోంచి బయటకు పరుచుకుంటూ గాలిని తోసుకుపోతుంది. ట్యూబ్ పాతదైతే మొదట వచ్చే కొంచెం పేస్ట్‌ను కాగితం మీద పారేయాలి, అందులో నూనె వేరుపడి ఉండొచ్చు.

కూలర్‌ను నిలువుగా, ఒక్కసారే దించాలి. దించాక ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తితే మాత్రం తుడిచేసి మొదట్నుంచి చేయాలి, ఎందుకంటే ఒకసారి పరుచుకున్న పేస్ట్‌ను విడదీసి మళ్లీ కూర్చోబెడితే గాలి లోపలే ఉండిపోతుంది. నాలుగు స్క్రూలనూ ముందు దారాలు పట్టేంత వరకే తిప్పాను. ఆ తర్వాత ఒక మూల రెండు చుట్లు, దానికి ఎదురు మూల రెండు చుట్లు, మళ్లీ మిగతా రెండు. ఇలా ఎదురెదురుగా తిరుగుతూ చివరికి స్క్రూ ఆగే దాకా. ఈ స్క్రూలకు స్ప్రింగులు ఉంటాయి, ఆఖర్న తామే ఆగుతాయి. ఇంకా బలం పెట్టక్కర్లేదు.

"ఒక్క డిగ్రీయేనా అన్నా?"

మళ్లీ అదే పరీక్ష. గది అదే 37. ఖాళీగా ఉన్నప్పుడు 62 నుంచి 48కి వచ్చింది. ఫుల్ లోడ్‌లో పదిహేను నిమిషాల తర్వాత 94.

కస్టమర్ ముఖం వాడిపోయింది. "ఇంత చేస్తే 95 నుంచి 94కా? ఒక్క డిగ్రీయేనా అన్నా?"

ఈ కేసును వివరంగా రాయాలనిపించింది ఈ ప్రశ్న వల్లే. హద్దు దగ్గర ఆగిపోయిన ఉష్ణోగ్రతతో మరమ్మతును కొలవకూడదు. ఇంతకుముందు 95 దగ్గర చిప్ తన నోరు తానే నొక్కుకుని 40 వాట్లతో, 2.4 గిగాహెర్ట్జ్‌తో కూర్చుంది. ఇప్పుడు అదే వేడిలో 77 వాట్లు వాడుకుంటూ 3.75 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోంది. వేడి దాదాపు రెట్టింపు దాటిపోతోంది కనుకే అది సాధ్యమైంది. గది కంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో ఆ తేడాను వాట్లతో భాగిస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. ముందు 58 డిగ్రీలకు 40 వాట్లు, అంటే వాట్‌కు 1.45 డిగ్రీలు. ఇప్పుడు 57కు 77, అంటే 0.74. పనిలో తేడా ఎక్స్‌పోర్ట్ పెట్టిన వెంటనే తెలిసింది. ఎంత సమయం మిగిలి ఉందో చూపించే అంకె దాదాపు మూడో వంతు తగ్గింది. అతని టెన్షన్ అప్పుడు తగ్గింది.

అయినా 94 అంటే ఇంకా అంచు మీదే. ఇక్కడ పేస్ట్ చేయగలిగింది అయిపోయింది, మిగిలినది కూలర్ శక్తి సరిపోకపోవడం. బయటి దేశాల రివ్యూల్లో 21, 22 డిగ్రీల గదిలో కొలిచి చెప్పే అంకెలకు మన ఎండాకాలం గది పదిహేను డిగ్రీలు పైన కలుపుతుంది. అక్కడ 79 వచ్చే కూలర్ ఇక్కడ 94 చూపిస్తుంది. రెండూ ఒకటే పనితనం. రాత్రింబవళ్లు ఎక్స్‌పోర్ట్ నడిచే సిస్టమ్‌కు ఈ చిన్న కూలర్ చాలదని చెప్పి, రెండు వేల పైచిలుకులో వచ్చే డీప్‌కూల్ ఏకే400 టవర్ కూలర్ పెట్టించాను. దానికి వేడిని రెక్కల దాకా మోసే నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. పైపులు నేరుగా ప్రాసెసర్‌కు తాకే రకం కాబట్టి, పైపుకూ పక్కనున్న అల్యూమినియానికీ మధ్య సన్నటి గాడులు ఉంటాయి. ఆ గాడుల్లో ముందుగా కార్డు అంచుతో కొద్దిగా పేస్ట్ నింపి, మిగతాది సమంగా గీరేసి, తర్వాత ప్రాసెసర్ మీద మామూలుగా చుక్కలు పెట్టాలి. లేకపోతే పెట్టిన పేస్ట్‌లో కొంత గాడులు తాగేస్తాయి. ఫలితం: అదే గదిలో 79 డిగ్రీలు, 84 వాట్లు, 3.95 గిగాహెర్ట్జ్. ఫ్యాన్ మోత లేదు.

మిగతా సిస్టమ్‌ల గురించి కొంచెం

పైన చెప్పిన చుక్కల పద్ధతి చదరంగా ఉండే మూతలకు. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన ఎల్‌జీఏ1700 ప్రాసెసర్‌లు పొడుగ్గా ఉంటాయి, అక్కడ మధ్యలో ఒకే చుక్క పెడితే చివర్లకు అందదు. ఇంటూ గుర్తులా రెండు సన్న గీతలు మేలు. రైజెన్ 7000 మొదలు వచ్చే ఏఎం5 మూత అంచుల్లో నొక్కులు ఉంటాయి, వాటి మధ్య చిన్న చిన్న కెపాసిటర్‌లు బయటికే కనిపిస్తాయి. ఎక్కువైన పేస్ట్ అందులో చేరుతుంది కనుక అక్కడ చెయ్యి బిగబట్టి పెట్టాలి. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. మూత లేని చిప్ మీద పలచటి పేస్ట్ తొందరగా పక్కలకు జారిపోతుంది. వాటికి నేను హనీవెల్ పీటీఎం7950 షీట్ వాడుతున్నాను. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి ఖాళీల్లోకి దిగుతుంది, జారిపోదు.

సిస్టమ్ ఇచ్చేటప్పుడు క్యాబినెట్ తలుపు లోపల ఒక స్టిక్కర్ అంటించాను: తేదీ, పేస్ట్ పేరు, గది 37, లోడ్ 79, తేడా 42, వాట్లు 84. ఏడాదికోసారి పేస్ట్ మార్చాలి అన్న మాటను నేను నమ్మను. అదే లోడ్, అవే వాట్లలో గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా పెరిగితేనే, అదీ దుమ్ము తీశాక కూడా తగ్గకపోతేనే విప్పాలి. శ్రావణం పెళ్లిళ్ల ముందు ఆ స్టూడియో కుర్రాడు ఒకసారి చూడమని సిస్టమ్ తెచ్చాడు. గది 30 ఉంది, లోడ్‌లో 72 వచ్చింది. తేడా అదే 42. రెక్కల్లో దుమ్ము ఊది, స్క్రూల జోలికి వెళ్లకుండా పంపేశాను.